జంగు మీద రంగు వేస్తే జంగు పోదు



పోయిన శుక్రవారం నేను పెట్టిన పాత ల్యాండ్ క్రూజర్ ఫోటోలు చూసి చాలామంది మెసేజ్ చేశారు. "అన్నా, అంత జంగు ఎట్ల తీసినవ్?" అని కొందరు. "మా నాయిన రాజ్‌దూత్ బండి ఇంటి ముందర పడి ఉంది, దానికి గిట్లనే చేయొచ్చా?" అని కొందరు. ఒక్కొక్కరికి వాయిస్ పెట్టేసరికి గొంతు పోయింది. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నా. జర పొడుగు ఉంటది. డ్యూటీ అయినంక, తిన్నంక, తీరిగ్గా చదవండి.

ముందే ఒక మాట. నేను మెకానిక్‌ను కాదు. కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ను. ఇనుము అంటే నాకు సలాక, బైండింగ్ వైరు, షట్టరింగ్ జాకీ. కారు జోలికి ఎప్పుడూ పోలేదు. ఈ బండి నా నెత్తిన ఎట్ల పడిందంటే, అది మా అర్బాబ్ తండ్రి బండి. టయోటా ల్యాండ్ క్రూజర్, 40 సిరీస్, 1979 మోడల్. ఈ 40 సిరీస్ బండ్లు 1960 నుంచి 1984 దాకా జపాన్‌లో తయారైనవి. గల్ఫ్‌లో ఇసుకలో తిరగడానికి అప్పట్లో ఇదే పెద్ద దిక్కు. ముసలాయన దీంట్లోనే ఖర్జూరాలు మోసిండు, మేకలు మోసిండు, చేపలు మోసిండు. ఆయన పోయినంక బండి మజ్రాలో ఖర్జూరం చెట్ల కింద ఏండ్లకు ఏండ్లు నిలబడిపోయింది. మాది ఒమన్‌లో బాతినా తీరం. సముద్రం గాలి మజ్రా దాకా కొడుతది. పగలు ఎండ, రాత్రి మంచు, గాలిలో ఉప్పు. ఇనుముకు ఇంతకంటే పాడు జాగా ఇంకోటి ఉండదు.

ఒకరోజు అర్బాబ్ సైట్‌కు వచ్చి, "నీకు ఇనుము తెలుసు కదా, బండికి జంగు తీయించు. ఉస్తాద్‌ను నేను తెస్తా, హెల్పర్‌ను నువ్వు ఇయ్యి" అన్నాడు. మా బాబా బండి నా కొడుకులు నడపాలె, అదీ ఆయన కోరిక. అర్బాబ్ అడిగితే లేదని ఎవరం అంటాం. మాఫీ ముష్కిల్ అన్నాను. ముష్కిల్ అంతా ఆ తర్వాతనే మొదలైంది.

ఉస్తాద్ అంటే పాకిస్తాన్ డెంటర్ చాచా. అరవై దాటిన మనిషి. గల్ఫ్‌లో నలభై ఏండ్లు రేకు కొట్టిన చేతులు. హెల్పర్ మా సైట్ తమ్ముడు, సిరిసిల్ల దిక్కు పిల్లగాడు, వచ్చి ఏడు నెలలే. ముగ్గురం మజ్రాలో రేకుల షెడ్డు కింద పని మొదలుపెట్టాం.

జంగు అంటే ఏందో ముందు చెప్తా, ఎందుకంటే ఇది తెలవకనే మనం తప్పులు చేస్తాం. ఇనుముకు నీళ్ళు, గాలి రెండూ తగలాలి. ఉప్పు ఉంటే పని ఇంకా జోరుగా నడుస్తది. పుట్టిన జంగు అసలు ఇనుముకంటే చాలా ఎక్కువ జాగా తింటది, ఉబ్బుతది. పైన రంగు పొక్కులు లేచేది అందుకే. మన సైట్లో పిల్లర్ కాంక్రీట్ పగిలి పెచ్చులు ఊడేది కూడా అందుకే, లోపల సలాక ఉబ్బి బయటికి తంతది. ఇంకో సంగతి. రాగి మీద చిలుము పడితే అది గట్టిగా అతుక్కొని కింది రాగిని కాపాడుతది. ఇనుము జంగు అట్ల కాదు. అది గుల్లగా ఉంటది, తేమను పీల్చి పట్టుకుంటది, కిందికి ఇంకా తింటనే పోతది. కాబట్టి జంగు ఉంచి దాని మీద రంగు వేస్తే, దొంగను ఇంట్లో పెట్టి బయట తాళం వేసినట్టే.

ఇక నేను చేసిన మొదటి తప్పు. చాచా రెండు రోజులు రాలేదు. నాకు తొందర. సైట్లో టైల్స్ కడిగే ఆసిడ్ క్యాన్ ఉంది కదా, దాన్ని బకెట్‌లో పోసి డోర్ కబ్జాలు, బోల్టులు, స్ప్రింగ్ పట్టీల యూ బోల్టులు అన్నీ అందులో వేశాను. బుసబుసా పొంగింది. గంటలో జంగు మాయం. ఫోటో తీసి అర్బాబ్‌కు పంపి షాబాష్ అనిపించుకున్నాను. తెల్లారి షెడ్డు తలుపు తీస్తే చాచా స్పానర్లు, సుత్తెలు, డ్రిల్లు చక్, వెల్డింగ్ టేబుల్ అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆసిడ్ పొగ రాత్రంతా షెడ్డులో తిరిగి ప్రతి ఇనుప ముక్కను జంగు పట్టించింది. బకెట్లోంచి తీసినవి కూడా మళ్ళీ పసుపు పచ్చగా అయినయ్.

చాచా వచ్చి చూసిండు. తిట్టలేదు. ఆ యూ బోల్ట్ ఒకటి తీసి బిగించమన్నడు. స్పానర్ వేసి తిప్పుతుంటే ఠక్కున విరిగింది. అప్పుడు చెప్పిండు: గట్టి బోల్టులు, స్ప్రింగులు ఆసిడ్‌లో వేయొద్దు. ఆసిడ్ ఇనుమును తినేటప్పుడు హైడ్రోజన్ పుడుతది, అది గట్టి స్టీల్ లోపలికి పోయి పెళుసు చేస్తది. పైకి తళతళ మెరుస్తది, లోపల ప్రాణం పోయి ఉంటది. బండి కొండ దిగేటప్పుడు విరిగితే ఎవడు జవాబుదారి? ఆ మాట నాకు కొట్టినట్టు తగిలింది. ఆ యూ బోల్టులన్నీ పారేసి కొత్తవి నా జేబులోంచి తెచ్చిన.

అప్పటినుంచి చాచా చెప్పినట్టే చేశాం. ఆ వరుస మీకు చెప్తా.

మొదటిది, కడగడం. జంగు తీయకముందు గ్రీజు, ఆయిల్, మట్టి పోవాలి. డీజిల్‌తో తుడిచి, తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి, ఎండబెట్టాలి. గ్రీజు మీద ఏ మందూ పని చేయదు. గ్రీజు మీద బ్రష్ కొడితే దాన్ని ఇంకింత రుద్ది అంటించినట్టే. సముద్రం పక్కన ఉన్న బండికి మంచినీళ్ళతో ఉప్పు కడగడం ఇంకా ముఖ్యం. జంగు గుంటల్లో ఉప్పు మిగిలితే రంగు కింద మళ్ళీ పుడుతది.

రెండోది, చేతిపని. పెచ్చులుగా లేచిన జంగును స్క్రేపర్‌తో, చిన్న సుత్తెతో ముందు రాల్చాలి. ఆ తర్వాత వైర్ బ్రష్. గ్రైండర్‌కు పెట్టే వైర్ కప్పు గురించి మాత్రం జర గట్టిగా చెప్తా. మా తమ్ముడు కళ్ళద్దాలు నొసటి మీదకు ఎత్తుకొని కొడుతున్నాడు. చెమటకు అద్దాలు మసకబారుతున్నయని. నేను చూసిన. చూసి, "జల్ది కానియ్" అన్నాను తప్ప అద్దాలు దించుకో అనలేదు. పది నిమిషాలకు కెవ్వుమని అరిచిండు. కప్పులోంచి ఒక తీగ ఊడి బాణం లెక్క వచ్చి చెంపలో దిగింది, కంటికి వేలెడు కింద. పక్కకు తీసుకపోయి పట్టకారుతో తీసి, క్లినిక్‌కు తోలుకపోయి ధనుర్వాతం ఇంజక్షన్ ఇప్పించిన. దేవుని దయ, గీత మాత్రం మిగిలింది. ఆ రాత్రి వాళ్ళ అమ్మ ఫోన్ చేస్తే పిల్లగాడు, "ఏం లేదమ్మా, దోమ కుట్టింది" అన్నాడు. పక్క మంచం మీద నేను వింటున్నా. సైట్లో రోజూ పొద్దుగాల టూల్ బాక్స్ టాక్‌లో కళ్ళద్దాల గురించి చెప్పేది నేనే. శుక్రవారం మజ్రాలో ఆ సూపర్‌వైజర్ ఏమైండు?

కాబట్టి వైర్ కప్పు వాడితే కళ్ళద్దాలు, వాటిపైన ముఖం షీల్డు, రెండూ. గ్రైండర్ గార్డు తీయొద్దు. కప్పు మీద రాసిన స్పీడు గ్రైండర్ స్పీడుకంటే తక్కువ ఉంటే ఆ కప్పు పెట్టొద్దు. వదులు అంగీ, మెడలో టవల్ వద్దు. ముక్కుకు మంచి మాస్కు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము రక్తంలోకి పోతది.

ఫ్లాప్ డిస్కు కూడా చూసి వాడాలి. అది జంగుతో పాటు మంచి రేకును కూడా కోస్తది. బండి రేకు ఒక మిల్లీమీటర్ అటు ఇటు ఉంటది, అంతే. ఒకే చోట ఆపి కొడితే వేడికి రేకు వంకర పోతది, తర్వాత ఏ ఉస్తాద్ వచ్చినా సాపు కాదు.

మూడోది, బ్లాస్టింగ్. చాసిస్‌కు, యాక్సిల్ గొట్టాలకు ఇదే మంచిది. మా స్ట్రక్చరల్ స్టీల్ సైట్లలో ఎట్లనో ఇదీ అట్లనే. కానీ బయట దొరికే ఇసుకతో కొట్టొద్దు. ఆ ఇసుకలో సిలికా ఉంటది. దాని సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని సిలికోసిస్ వస్తది, దానికి మందు లేదు. గార్నెట్ వాడే దగ్గరికి తీసుకపోండి. కొట్టేవాడికి గాలి పైపు ఉన్న హుడ్ ఉండాలి. పల్చటి డోర్లు, బానెట్ మాత్రం గట్టి బ్లాస్టింగ్‌కు ఇయ్యొద్దు, అలలు అలలుగా వంగిపోతాయి.

నాలుగోది, నానబెట్టడం. చిన్న సామానుకు ఇదే నాకు బాగా నచ్చింది. నిమ్మ ఉప్పు అని మన కిరాణంలో దొరుకుతది చూడండి, సిట్రిక్ ఆసిడ్, లీటరు నీళ్ళకు యాభై గ్రాములు కలిపి నానబెడితే ఒక రాత్రిలో చాలా జంగు వదులుతది. అప్పుడప్పుడు తీసి చూసుకోవాలి, మరిచిపోయి రోజుల తరబడి ఉంచితే మంచి ఇనుమును కూడా తింటది. తీసినంక వంట సోడా నీళ్ళలో ముంచి, మంచి నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పెట్టాలి. గట్టి బోల్టులు, స్ప్రింగులు ఇందులో కూడా వద్దు.

ఇంకొకటి వింటే నవ్వుతారు. చెరకు మడ్డి. పశువుల దాణాలో కలిపే మొలాసిస్. ఒక వంతు మడ్డి, తొమ్మిది వంతుల నీళ్ళు, డ్రమ్ములో కలిపి కబ్జాలు, బ్రాకెట్లు వేసి వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు వదిలేయాలి. మెల్లగా జంగును మాత్రమే పట్టుకొని లాగుతది, మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. కంపు మాత్రం అడగొద్దు. ఈగలు, పైన నురగ. అర్బాబ్ మేకలు రోజూ వచ్చి డ్రమ్ము చుట్టూ తిరిగేవి. అల్యూమినియం సామాను మాత్రం అందులో వేయకండి, కరిగిపోతది. నేను ఒక చిన్న హౌసింగ్ అట్ల పోగొట్టుకున్న.

అయిదోది, కరెంటు పద్ధతి. దీన్ని చూసి మా తమ్ముడు మాయ అన్నాడు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా బట్టల సోడా. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. జంగు పట్టిన సామానుకు మైనస్ తీగ. ప్లస్ తీగ ఇంకో పనికిరాని ఇనుప ముక్కకు. మా దగ్గర ఆ ముక్కలకు ఏం కొదువ, సైట్లో కోసి పారేసిన సలాక ముక్కలే డ్రమ్ము చుట్టూ నిలబెట్టిన. రెండూ ఒకదానికొకటి తగలొద్దు. కరెంటు ఇస్తే సామాను మీద బుడగలు లేస్తయ్, జంగు వదిలి నల్లటి మసి లెక్క మిగులుతది, బ్రష్‌తో తుడిస్తే పోతది. సలాక ముక్కలు మాత్రం అరిగిపోతయ్. తీగలు తారుమారు చేస్తే మీ సామానే అరిగిపోతది, అది గుర్తుంచుకోండి.

దీంట్లో మూడు జాగ్రత్తలు. ఒకటి, ఆ బుడగలు హైడ్రోజన్. నిప్పు తగిలితే పేలుతది. ఆరుబయట పెట్టండి, పక్కన సిగరెట్, గ్రైండర్ వద్దు, క్లిప్పులు ముట్టుకునే ముందు ప్లగ్ పీకండి. రెండు, ప్లస్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టొద్దు. అందులోని క్రోమియం విషమై నీళ్ళలోకి వస్తది. మూడు, సోడాకు బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ గాలి పుడుతది. ఇక్కడ కూడా గట్టి బోల్టులకు, స్ప్రింగులకు పెళుసు భయం ఉంటది కాబట్టి వాటిని బయటే ఉంచండి.

ఆరోది, కన్వర్టర్. అంటే జంగు తీయకుండా దాన్ని మార్చే మందు. బ్రష్‌తో పూస్తే ఎర్ర జంగు నల్లగా మారుతది. కొన్నింట్లో ఫాస్ఫారిక్ ఆసిడ్, కొన్నింట్లో టానిక్ ఆసిడ్ ఉంటది. ఇది చూసి మా రూమ్‌లో ఉండే శ్రీకాళహస్తి తమ్ముడు, "అన్నా, ఇది మా కలంకారీ నలుపే కదా" అన్నాడు. వాళ్ళ దగ్గర ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీళ్ళతో గీస్తే నల్లగా తేలుతదంట. కరక్కాయలో ఉండేది ఈ టానిన్ జాతిదే. ఎక్కడి బెల్లం, ఎక్కడి బట్ట, ఎక్కడి ల్యాండ్ క్రూజర్! కానీ కన్వర్టర్‌ను నమ్మి వదులు జంగు మీద పూయొద్దు. రాలేదంతా రాల్చినంక, గుంటల్లో అంటుకొని మిగిలిన దానికే అది.

ఏడోది, చాలామంది చెడగొట్టేది ఇక్కడనే. జంగు తీసిన ఇనుము పసిపిల్ల లెక్క. బట్ట కప్పకుండా బయట వదలొద్దు. మా తీరంలో సాయంత్రం తెల్లగా మెరిసిన రేకు పొద్దుగాలకు పసుపు పచ్చగా మారుతది. మా స్టీల్ సైట్లో బ్లాస్టింగ్ అయిన నాలుగు గంటల్లోపల ప్రైమర్ పడాలని రూలు. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు ఆపేస్తాం. ఇనుము వేడి మంచు పడే వేడికంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. బండికి కూడా అదే పెట్టినం. పొద్దున పది గంటలకు ఎండ బాగా పడ్డంక తుది తుడుపు, సాయంత్రం లోపల ఎపాక్సీ ప్రైమర్. ఉత్త చేతితో ముట్టుకోవద్దు, చెమటలో ఉప్పు ఉంటది.

పెట్రోల్ ట్యాంకు గురించి ఒక్క మాట. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటది. దాని దగ్గర వెల్డింగ్, గ్రైండింగ్ అసలే వద్దు. బండికి వెల్డింగ్ పెట్టేముందు ట్యాంకు దింపి దూరం పెట్టండి, బ్యాటరీ తీగ విప్పండి. లోపలి జంగు పని తెలిసిన వాళ్ళకు ఇచ్చేయండి.

ఇప్పుడు అసలు కథకు వస్తా.

చాసిస్‌ను బ్లాస్టింగ్‌కు పంపే ముందు రోజు చాచా కిందికి దూరి చిన్న సుత్తెతో కొడుతూ పోయిండు. ఠంగ్ ఠంగ్ ఠంగ్. వెనక చక్రం పైన వచ్చేసరికి డబ్ అన్నది. మళ్ళీ కొట్టిండు, డబ్. అక్కడ నల్లగా తారు లెక్క మందంగా పూసి ఉంది, చూడటానికి మిగతా చాసిస్‌కంటే అదే అందంగా ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగింది. తారు గీకితే కింద పుట్టీ, పుట్టీ కింద గుడ్డ పీలికలు, దాని కింద నా అరచేయంత బొక్క. ఈ చాసిస్ పెట్టె లెక్క ఉంటది, లోపల బోలు. ఇసుక, మట్టి పోయి నీళ్ళు కారే రంధ్రాలు పూడుకపోయినయ్. తేమ లోపలనే ఉండి లోపలినుంచి తిన్నది. ఎవరో పాతకాలంలో దాన్ని బాగుచేసే బదులు దాచిండ్రు.

అర్బాబ్‌కు చెప్తే ఏమంటడో తెలుసు. బండి ఈద్‌కు కావాలె. అప్పటికే చాలా ఖర్చయింది. పైగా ఆ తారు పూసింది తమ చుట్టాల గ్యారేజీ అని ఆయన ముందే ఒకసారి అన్నాడు. నేను చెప్తే చుట్టాన్ని తప్పు పట్టినట్టు. నా వీసా రెన్యువల్ రెండు నెలల్లో ఉంది. చాచా నా దిక్కు చూసిండు. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నాడు. నేను ఏమన్ననో దాచకుండా రాస్తా. "చాచా, ఖల్లివల్లి. పైన మంచి ప్లేటు ఒకటి వేసి కొట్టేద్దాం" అన్నాను.

చాచా చేతులు తుడుచుకుంటూ, "నీ కొడుకు కూర్చుంటే కూడా ఇట్లనే కొడతవా?" అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. చాయ్ తాగడానికి పోయిండు.

నేను ఆ బండి కిందనే చాలాసేపు పడుకొని ఉన్నా. తర్వాత ఫోన్ తీసి వీడియో తీసిన. సుత్తె చప్పుడు, స్క్రూడ్రైవర్ దిగడం, బొక్క, అన్నీ. అర్బాబ్‌కు పంపి, "అర్బాబ్, దీని మీద పిల్లల్ని ఎక్కించొద్దు" అని వాయిస్ పెట్టిన. జవాబు లేదు. ఆ రోజు లేదు, తెల్లారి కూడా లేదు. రెండు నీలి గీతలు మాత్రం పడ్డయ్. మూడోరోజు మజ్రాకు వచ్చి, తానే కిందికి వంగి స్క్రూడ్రైవర్ పెట్టి చూసిండు. లేచి చేతులు దులుపుకొని, "ఈద్ ప్రతి ఏడూ వస్తది. షూయా షూయా చేయండి" అన్నాడు. చుట్టం గురించి ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

కుళ్ళినదంతా మంచి ఇనుము తగిలేదాకా కోసి తీసినం. అదే మందం ప్లేటు పెట్టి, చాసిస్ పని తెలిసిన వెల్డర్‌తో అతికించినం. నీళ్ళు కారే రంధ్రాలు అన్నీ తెరిచినం. రంగు అయినంక బోలు లోపలికి పైపుతో మైనం మందు కొట్టినం. మీరు ఫోటోలో చూసిన బండి అది.

ఇక్కడితో ఆపొచ్చు. కానీ నాకు ఆ డబ్ అన్న చప్పుడు చెవిలోంచి పోలేదు. ఎందుకంటే ఆ చప్పుడు నేను ముందే విన్నాను, మా ఇంట్లో.

మన దిక్కు గల్ఫ్ ఇండ్లు మీకు తెలుసు. సగం కట్టి, పైన పిల్లర్ సలాకలు ఆకాశంలోకి నిలబడి ఉంటయ్. మాది అట్లనే. 2012లో మొదలుపెట్టిన. మధ్యలో అప్పటి కంపెనీలో నెలల తరబడి జీతం ఆగింది, ఇల్లు కూడా ఆగింది. సలాకలు మూడు వానకాలాలు తడిసినయ్. మళ్ళీ డబ్బులు పంపితే మేస్త్రీ, "సిమెంట్ పడితే జంగు అదే ఆగుతది" అన్నాడు. సన్నటి జంగు అయితే నిజమే, కాంక్రీట్‌కు పట్టు తగ్గదు. కానీ మావి పెచ్చులు రాలే సలాకలు. ఇక్కడ నా సైట్లో అట్లాంటి సలాక వస్తే లారీ వాపస్ పంపుతా. అక్కడ మాత్రం సరే అన్నాను. కవర్ బ్లాకులు పెట్టిండ్రా అని కూడా అడగలేదు. పోయినసారి లీవుకు పోయినప్పుడు వంటింటి పైకప్పుకు కొట్టిన మేకు దగ్గర డబ్ అని వినిపించింది. పైన బాత్‌రూమ్. రంగు పొక్కు లేచి ఉంటే లప్పం పెట్టించి, తెల్ల రంగు వేయించి, విమానం ఎక్కిన.

ఈసారి లీవుకు పోంగనే, సూట్‌కేస్ విప్పకముందే, చిన్న సుత్తె తీసుకొని స్టూల్ ఎక్కిన. మా ఆమె, "ఇప్పుడెందుకు, ముందు తిను" అని చేయి పట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు ముందే తెలుసని. నేను పోయినంక రెండుసార్లు పెచ్చు ఊడిందట. రెండుసార్లు లప్పం పెట్టించిందట. వీడియో కాల్‌లో ఎప్పుడూ ఫోన్ పైకి తిప్పలేదు. మా అమ్మ మంచం ఆ వంటింటి గోడ పక్కనే వేసి ఉంది, చలికాలం పొయ్యి వేడి తగులుతదని. మొదటి దెబ్బకే పళ్ళెమంత పెచ్చు వచ్చి కింద పడింది. లోపల సలాక మధ్యలో సన్నబడి పుల్ల లెక్క ఉంది. స్లాబుకు కనీసం ఇరవై మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. మా దాంట్లో అక్కడ నా గోరు మందం ఉంది.

అమ్మ మంచం ముందు గదిలోకి మార్చినం. కింద జాకీలు పెట్టినం. పైన బాత్‌రూమ్ లీకు ఆపినం, అది ఆపకుండా కింద ఎంత చేసినా వేస్టే. డబ్ అన్న జాగా అంతా కొట్టి తీసి, సలాక వెనక వేలు దూరేదాకా కాంక్రీట్ తొలిచి, మెరిసేదాకా జంగు తీసి, జింక్ ప్రైమర్ పూసి, సన్నబడ్డ చోట పక్కన కొత్త సలాకలు చాలినంత ల్యాపుతో కట్టి, రిపేర్ మోర్టార్‌తో పూడ్చినం. కట్టేముందు తెలిసిన ఇంజనీర్‌ను పిలిచి చూపించిన. మీరు కూడా స్లాబ్ విషయంలో మేస్త్రీ మాటతో ఆగకండి. లీవులో పన్నెండు రోజులు దీనికే పోయినయ్. పిల్లలు నన్ను చూసి నవ్విండ్రు, నాయిన ఇంటికొచ్చినా డ్యూటీనే అని.

ఒక రాత్రి మా ఆమెను అడిగిన, నాకెందుకు చెప్పలేదని. "చెప్తే నువ్వు అక్కడ నిద్రపోతవా? నువ్వు జీతం ఆగినప్పుడు నాకు చెప్పినవా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ నెలల్లో రోజూ ఫోన్‌లో బాగున్నా, తిన్నా అన్నది నేనే. చెంపలో తీగ దిగితే దోమ కుట్టింది అన్న పిల్లగాన్ని ఏమనాలె, ఆ పాఠం చెప్పిన పంతులు నేనే అయితే?

సరే, చాలా రాసిన. గుర్తుంచుకోవాల్సినవి ఇవి. ముందు సుత్తెతో కొట్టి చప్పుడు వినండి. కడగండి. వదులు జంగు రాల్చండి. మంచి ఇనుము తగిలేదాకా పోండి. అదే రోజు ప్రైమర్ వేయండి. నీళ్ళు నిలవకుండా దారి ఇయ్యండి. బ్రేక్, స్టీరింగ్, చాసిస్ దగ్గర జంగు తిన్న సామాను ఉంటే మందులు వెతకకండి, మార్చండి. కళ్ళద్దాలు దించుకోండి.

ఈసారి లీవుకు పోయినప్పుడు ఇంటి పైకప్పు ఒక్కసారి కొట్టి చూడండి. పోలేని వాళ్ళు ఈ రాత్రి వీడియో కాల్‌లో ఫోన్ జర పైకి తిప్పమనండి. వాళ్ళు వద్దంటే, ముందు మీ సంగతి ఒకటి నిజం చెప్పండి, అప్పుడు తిప్పుతరు.

మా తమ్ముడు మొన్న వాళ్ళ అమ్మకు చెంప మీది గీత చూపించిండు. తిట్లు పడ్డయ్. నాక్కూడా పడ్డయ్, ఫోన్ నాకు ఇమ్మని అడిగి మరీ తిట్టింది. తల వంచుకొని విన్నా.

తప్పులుంటే మన్నించండి. పదో తరగతి చదువు, ఫోన్‌లో టైపింగ్. ఎవరికైనా పనికొస్తదనుకుంటే షేర్ చేయండి. డౌట్లు ఉంటే కింద అడగండి, శుక్రవారం జవాబిస్తా.